ఆరు గంటల మందు

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా వరస రైల్వే క్వార్టర్లలో పుట్టి, ఎలీసమ్మ కాళ్ళ మీద బోర్లా పడుకుని గుక్కపట్టి ఏడవని మనిషి లేడు. వాళ్ళలో కొందరు ఇప్పుడు వర్క్‌షాపులో ఫిట్టర్లు, ఇద్దరు టికెట్ కలెక్టర్లు, ఒకడు నా దగ్గర చదువుకుని నాకే పాఠాలు చెప్పే లెక్చరర్. ఎవరి ముక్కు నిటారుగా ఉన్నా, ఎవరి తల గుండ్రంగా ఉన్నా అది ఎలీసమ్మ వేళ్ళ పనే. ఆవిడ చచ్చిపోయిన రోజు ఈ ముక్కులన్నీ ఆ వాకిట్లోకి వచ్చి, గుమ్మం దాటకుండా నిలబడ్డాయి. అది చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఎవర్నో తిట్టడానికి రాస్తున్నానని అనుకోకండి. తిట్లు తినేవాళ్ళ వరసలో మొదటివాణ్ణి నేనే.

నా పేరు జ్ఞానప్రకాశం. రైల్వే పిల్లల స్కూల్లో ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పాను. ఎలీసమ్మ ఇల్లు మా ఇంటికి ఎదురుగానే. పలాస దగ్గరి పల్లె నుంచి సమూయేలు భార్యగా బెంగాల్లోని ఈ రైల్వే ఊరికి వచ్చింది. సమూయేలు వ్యాగన్ షాపులో పనిచేస్తూ 1979లో పోయాడు. ఆ ఉద్యోగం కొడుకు విల్‌ఫ్రెడ్‌కి ఇచ్చారు. ఎలీసమ్మ మాత్రం అప్పటికే తన ఉద్యోగం తాను వెతుక్కుంది. పురిటిపిల్లలకు నీళ్ళు పోయడం.

వాకిట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి లాక్కుని, కాళ్ళు బారచాపి కూర్చునేది. బిడ్డను కాళ్ళ మీద బోర్లించి వీపంతా నూనె పట్టించేది. మాడుకు ఆముదం అద్దేది. సెనగపిండితో రుద్ది, బొగ్గుల పొయ్యి మీద కాగిన నీళ్ళు మోచేత్తో చూసి మరీ పోసేది. ఆఖరి చెంబు బిడ్డ చుట్టూ తిప్పి పారబోసి, హిందువుల ఇంట్లో అయితే 'శ్రీరామరక్ష, నూరేళ్ళాయుస్సు' అనేది. మా క్రైస్తవుల ఇళ్ళలో అయితే 'యేసయ్య రక్ష' అనేది. మా సంఘ పెద్ద తీతుగారికి ఇది నచ్చేది కాదు. ఆయన రిటైరైన గార్డు. బండి వెనకాల పెట్టెలో కూర్చుని జీవితమంతా ముందుకు పోయినవాడు. ఒక నోట రెండు పేర్లు ఎలా పలుకుతావని ఒకసారి అడిగితే, బిడ్డ ఎవరిదైతే రక్ష కూడా వాళ్ళ దేవుడిదే కదా అందట. ఆయన ఆ మాట మరిచిపోలేదు.

1987లో విల్‌ఫ్రెడ్‌కి పెళ్ళయింది. ఆరేళ్ళు గడిచినా కోడలు దేవమణి కడుపు పండలేదు. ఎలీసమ్మ రోజూ పొద్దున్నే ఊళ్ళోవాళ్ళ పిల్లలకు నీళ్ళు పోసి, చేతులు తుడుచుకుంటూ ఖాళీ వాకిట్లోకి తిరిగొచ్చేది. 1993లో దేవమణి నెల తప్పింది. ఆ వారమే ఎలీసమ్మ పాత పీట చెక్కించి కొత్త మేకులు కొట్టించింది. సమూయేలు పెళ్ళికి కొన్న మెత్తటి చీర చింపి తువ్వాళ్ళు కుట్టింది.

"ఊరి పిల్లలకి పోసిన నీల్లు ఒక ఎత్తు మాస్టారూ, నా నెత్తురికి పోసే నీల్లు ఒక ఎత్తు," అంది నాతో. ఆవిడ కోరింది అదొక్కటే. దేవుణ్ణి గానీ మనుషుల్ని గానీ మరొకటి అడగ్గా నేను వినలేదు.

అప్పటికి అయిదేళ్ళ క్రితం ఆవిడకు రొమ్ములో గడ్డ తీశారు. తగ్గిపోయింది, అందరం మరిచిపోయాం. ఆ నవంబరులో తుంటి నొప్పి పట్టుకుంది. పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. పాత జబ్బు ఎముకల్లోకి పాకిందేమో చూడాలి, కలకత్తా వెళ్ళి బొమ్మ తీయించుకోమన్నారు డాక్టరుగారు. విల్‌ఫ్రెడ్‌కి పెద్దాసుపత్రులంటే భయం. నేను తోడు వెళతానన్నాను. కాలనీ అంతా నన్ను మెచ్చుకుంది. నేను వెళ్ళింది ఆవిడ కోసం కాదు, ఆ మందు కోసం.

మూలకాల పట్టికలో నలభై మూడో గడి ఒకటుంది. దానికి అటూ ఇటూ ఉన్నవన్నీ మట్టిలోనో రాళ్ళలోనో దొరికాయి. ఇదొక్కటే ఎక్కడ గాలించినా దొరకలేదు. గడి ఖాళీగా ఉండిపోయింది. చివరికి 1937లో మనిషే యంత్రంలో చేసి ఆ గడి నింపాడు. కృత్రిమంగా పుట్టింది కాబట్టి టెక్నీషియం అని పేరు పెట్టారు. ఇరవై రెండేళ్ళు ఆ పేరు బోర్డు మీద రాసి చెరిపాను గానీ, అది పనిచేయగా ఎన్నడూ చూడలేదు. ఎముకల బొమ్మ తీయడానికి ఎక్కించేది ఆ మందేనని తెలియగానే నాకు హౌరా లోకల్ ఎప్పుడెక్కుతానా అనిపించింది.

చూశాను కూడా. సీసపు గూట్లో మాలిబ్డినం అనే తల్లి పదార్థం ఉంటుంది. అది తనంతట తాను కరుగుతూ టెక్నీషియాన్ని కంటూ ఉంటుంది. రోజూ పొద్దున్నే ఆవు పొదుగు పిండినట్టు దాన్ని పిండుకుంటారు. ఎముకలకు అంటుకునే మందుతో కలిపి నరంలోకి ఎక్కిస్తారు. మూడు గంటలు కడుపునిండా నీళ్ళు తాగించి, పెద్ద పళ్ళెం లాంటి కెమెరా కింద పడుకోబెడతారు. ఆ కెమెరా కిరణాలు పంపదు. మనిషి ఎముకల్లోంచి వచ్చే కిరణాలను అది పట్టుకుంటుంది. ఎముకలో జబ్బున్న చోట మందు ఎక్కువ చేరి నల్లటి మచ్చలా కనిపిస్తుంది. ఎలీసమ్మ పుర్రె, పక్కటెముకలు, ఆ పొడుగు కాళ్ళు చుక్కలు చుక్కలుగా తెర మీదికి వస్తుంటే, ఆవిడ బతుకుతుందా చస్తుందా అన్న సంగతే మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను.

బయటికి వచ్చేటప్పుడు మందు ఎక్కించిన బెంగాలీ కుర్రాడు మర్యాదగా చెప్పాడు. "మాసీమా, ఆజ్ ఆర్ కాల్ బాచ్చా కోలే నేబేన్ నా." ఇవాళా రేపూ పిల్లల్ని ఒళ్ళోకి తీసుకోవద్దు, కడుపుతో ఉన్నవాళ్ళ పక్కన కూర్చోవద్దు. అంతే. తిరుగు బండిలో ఎలీసమ్మ ఎందుకని అడిగితే నేను వివరంగానే చెప్పాను. ఈ మందు ఆరు గంటలకు సగమవుతుంది. ఇంకో ఆరు గంటలకు అందులో సగం. కొంత ఈలోపే తాగిన నీళ్ళతో పాటు మూత్రంలో బయటికి పోతుంది. మూడో రోజుకి చెప్పుకోదగ్గదేమీ మిగలదు, నిక్షేపంగా పిల్లలకు నీళ్ళు పోయవచ్చు అన్నాను.

మర్నాడు మా పక్కింటి ఆలిస్ బిడ్డకు పన్నెండో రోజు. తుంటి నొప్పిగా ఉంది, రేపొస్తాను అంటే సరిపోయేది. ఆవిడకు అబద్ధం ఆడటం రాదు. రైల్వే కాలనీలో అది అవిటితనం కిందే లెక్క. గుమ్మంలో నిలబడే చెప్పింది, నా ఒంట్లో కిరణాల మందు ఉంది, రెండు రోజులు పిల్లల్ని ముట్టుకోవద్దన్నారు అని. మధ్యాహ్నం వర్క్‌షాపు సైరన్ మోగే లోపల ఆ మాట గేటు బజారు దాకా వెళ్ళింది. వెళ్ళేటప్పుడు 'రెండు రోజులు' అన్న ముక్కను దారిలో ఎక్కడో వదిలేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక తీతుగారు చర్చి వరండాలో నన్ను ఆపాడు. చుట్టూ పాతిక మంది చేరారు. ఆలిస్ ఉంది, దేవమణి ఉంది. ఎలీసమ్మ లోపల బల్లలు సర్దుతోంది. ఏమిటా మందు అని అడిగారు. అంతమంది పెద్దవాళ్ళు నోరు తెరుచుకుని నా పాఠం వినడం నా జీవితంలో అదే మొదలు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. నలభై మూడో గడి చెప్పాను. ఆవు చెప్పాను, పొదుగు చెప్పాను. గుండెకు, మూత్రపిండాలకు, మెడ గ్రంథికి కూడా ఇదే వాడతారని చెప్పాను. భూమ్మీద ఎక్కడా లేదు, మనిషి చేత్తో చేశాడు అని గొంతు పెంచి మరీ చెప్పాను.

"అయితే దేవుడు సెయ్యలేదన్న మాట," అన్నాడు తీతుగారు.

నేను నవ్వాను. అలాగే అనుకోండి అన్నాను. సగం సగం తగ్గుతుందన్నావు కదా, మరి సున్నా ఎప్పుడవుతుంది అని అడిగాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. లెక్క ప్రకారం సగంలో సగం ఎప్పటికీ సున్నా కాదు అన్నాను. నోరు అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "ఇంకో విశేషం. ఇది కరిగాక మాయమైపోదు. అదే మూలకం ఇంకో రూపంలోకి మారుతుంది. ఆ రూపం సగమవడానికి రెండు లక్షల సంవత్సరాలు పడుతుంది."

ఆ మిగిలేది ఎంత కొంచెమో, ఎంత బలహీనమో, అది ఈగకు కూడా అపకారం చేయదని తరవాతి వాక్యంలో చెప్పాను. ఆ వాక్యం వినడానికి ఎవరూ మిగల్లేదు. దేవమణి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని అప్పటికే మెట్లు దిగిపోయింది.

రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. ఎముకల్లో జబ్బు జాడ లేదు. తుంటి అరిగింది, అంతే. ముప్ఫై ఏళ్ళు నేల మీద కాళ్ళు బారచాపి, బిడ్డల బరువు మోసి అరిగింది. ఎలీసమ్మ ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. అందరూ చాలా సంతోషం అన్నారు. ఆలిస్ బిడ్డకు మాత్రం ఊళ్ళోని ఖరిదా పేట నుంచి ఇంకో మనిషి వచ్చి నీళ్ళు పోసేది. సంఘంలో ప్రేమవిందుకు పిండి కలిపే చోట తీతుగారు ఆవిడను కూర్చోనివ్వలేదు, నువ్వు విశ్రాంతి తీసుకో అని ప్రేమగా చెప్పాడు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. ఆ పెత్తనం ఇచ్చింది నేనే.

1994 జనవరి నెలాఖరులో దేవమణికి ఆడపిల్ల పుట్టింది. రూతు అని పేరు పెట్టారు. చెక్కించిన పీట, కుట్టిన తువ్వాళ్ళు అటక మీదికెక్కాయి. ఎలీసమ్మ మంచం వరండాలోకి వచ్చింది. కంచం, చెంబు వేరయ్యాయి. దేవమణిని తిట్టడం తేలిక. ఆరేళ్ళు గొడ్రాలన్న మాట పడి కన్న బిడ్డ. భయం ఉండదా? భయం ఉండటం తప్పు కాదు. ఆ భయాన్ని తీయగలవాడు ఎదురింట్లోనే కూర్చుని పేపరు చదువుతున్నాడు.

మా అమ్మాయి అప్పటికే పురిటికి వచ్చి మా ఇంట్లో ఉంది. మార్చిలో మగపిల్లవాడు పుట్టాడు. మూడో రోజు పొద్దున ఎలీసమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. కడ్డీలు పట్టుకుని నిలబడింది.

"మాస్టారూ, మీరు సదూకున్నోరు. ఆ మందు సంగతి మీకంటే తెలిసినోలు ఈ ఊల్లో లేరు. మీ మనవణ్ని ఒక్కపాలి నా కాల్ల మీద ఎట్టండి. ఒక్క రోజు సాలు. మీరెట్టినారంటే ఊరంతా సూత్తాది. నా కోడలు కూడా సూత్తాది."

చూద్దాంలే అన్నాను. తెలుగులో ఇంతకంటే పిరికి మాట లేదు.

లోపలికి వెళ్ళి నా భార్య సూసన్నతో చెప్పాను. ఆవిడ నా వంక చూసి, మీకంత నమ్మకం ఉంటే మీ చేత్తోనే తీసుకెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టండి, నేను అడ్డు రాను అంది. నిజంగానే అడ్డు రాలేదు. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. నవంబరు నుంచి మార్చికి ఎన్ని ఆరు గంటలు? నాలుగు వందల పైచిలుకు. ఎక్కించిన మందు ఆఖరి అణువు దాకా కరగడానికి నలభై అయిదు చాలు. అంటే పదకొండు పన్నెండు రోజులు. తీతుగారు అడిగిన సున్నా డిసెంబరు రాకముందే అయిపోయింది. తరవాత మిగిలిందీ నీళ్ళతో చాలావరకు పోయే ఉంటుంది, పోనిదైనా ఈ నేలలోంచి, ఈ ఇటుక గోడల్లోంచి రోజూ మన మీద పడేదాని ముందు లెక్కలోకి రాదు. ఇదంతా కాగితం మీద స్పష్టంగా కనిపిస్తోంది. పక్కన ఉయ్యాల్లో నా మనవడు పిడికిలి బిగించి నిద్రపోతున్నాడు. 'ఒకవేళ' అనిపించింది. ఇరవై రెండేళ్ళ సైన్సు ఆ ఒక్క 'ఒకవేళ' ముందు నిలబడలేదు. కాగితం మడిచి బైబిల్లో పెట్టాను.

మర్నాడు ఖరిదా మనిషి సంచీ పట్టుకుని మా గేటు తీసుకుని లోపలికి వచ్చింది. ఎలీసమ్మ వరండాలో మంచం మీద కూర్చుని చూసింది. నావైపు చూస్తుందేమోనని నేను తలుపు వెనక్కి జరిగాను. ఆ తరవాత ఈ కాలనీలో ఎవరూ ఆవిడను పిలవలేదు. సైన్సు మాస్టరే మనవణ్ణి ముట్టుకోనివ్వలేదంటే ఏదో ఉంది అన్నారు. ఎలీసమ్మకు వ్యతిరేకంగా వాళ్ళ దగ్గరున్న గట్టి సాక్ష్యం నేనే.

రూతుకి మాటలు వచ్చాయి. పాకుతూ వరండాలోకి పోయినప్పుడల్లా తల్లి వెనక్కి లాగేది. మూడేళ్ళ వయసులో ఒక సాయంత్రం ఎలీసమ్మ బిస్కెట్టు ఇవ్వబోతే ఆ పిల్ల చెయ్యి వెనక్కి పెట్టుకుని, "ముట్టుకోకు నానమ్మా, రెండు లచ్చల ఏల్లు," అంది. నేను మా వరండాలో ఉన్నాను. నా వాక్యం వీధి దాటి, మూడేళ్ళు నడిచి, ఒక పసినోట్లోంచి బయటికి వచ్చింది. ఎలీసమ్మ బిస్కెట్టు అరుగు చివర పెట్టి వెనక్కి జరిగింది. పిల్ల అప్పుడు తీసుకుంది.

1997 వానాకాలంలో దేవమణి బజారుకు వెళ్ళింది. విల్‌ఫ్రెడ్ డ్యూటీలో ఉన్నాడు. రూతు ఆడుతూ క్వార్టర్ల వెనక మురిక్కాలవలో జారిపడింది. మసిబురద కళ్ళలోకి, నోట్లోకి పోయింది. ఎలీసమ్మ కుంటుతూ పరిగెత్తి ఎత్తుకొచ్చింది. ఆ నిమిషంలో పిల్లకు రెండు లక్షల ఏళ్ళు గుర్తు రాలేదు, మెడ కరుచుకుని ఏడ్చింది. ఎలీసమ్మ అటక మీంచి పీట దింపింది. ఆ తుంటితో ఎలా దింపిందో నాకు తెలియదు. వాకిట్లో కూర్చుని కాళ్ళు చాపింది. మూడున్నరేళ్ళ పిల్ల ఆ కాళ్ళకు పొడుగైపోయింది, పాదాలు నేలకు వేలాడుతున్నాయి. అయినా బోర్లించింది. నూనె రాసింది, రుద్దింది, మోచేత్తో చూసి నీళ్ళు పోసింది. ఏడుపు ఆగి పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. ఆఖరి చెంబు చుట్టూ తిప్పి, "యేసయ్య రచ్చ, నూరేల్లాయుస్సు," అంటున్న గొంతు మా ఇంట్లోకి వినిపించింది. నాలుగేళ్ళుగా వినని గొంతు అది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా సంతోషపడ్డాను కూడా.

అప్పుడే దేవమణి వచ్చింది. సంచీ అక్కడే వదిలేసింది. అరవలేదు, కొట్టలేదు. పిల్లను ఆ కాళ్ళ మీంచి లాక్కుని, అదే వాకిట్లో, ఆవిడ కళ్ళెదురుగానే నిలబెట్టి డెట్టాల్ సీసా సగం బకెట్లో వంచి, గిన్నెలు తోమే పీచుతో తోమింది. వీపు ఎర్రగా కందిపోయింది. పిల్ల నానమ్మా అని కేకలు పెట్టింది. ఎలీసమ్మ చాపిన కాళ్ళు చాపినట్టే ఉంచి కూర్చుంది, తడి చేతులు రెండూ పైకి పెట్టుకుని.

"నీకెన్ని పాల్లు సెప్పినాను అత్తా," అంది దేవమణి, ఏడుస్తూనే. "నా పిల్లని సంపుకోవాలా ఏటి?"

ఎలీసమ్మ చాపిన కాళ్ళు మెల్లగా ముడుచుకుంది. ఆ తరవాత నాకు తెలిసి ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. చలికాలంలో వరండాలో పడుకుని పడుకుని ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. 1998 జనవరిలో పోయింది. పాత జబ్బు తిరగబడి కాదు, మందు వల్ల కాదు. చలి వల్ల పోయింది. వరండాలో ఉంచినందువల్ల పోయింది.

పెట్టెలో పెట్టే ముందు స్నానం చేయించాలి. ఆడవాళ్ళ పని. విల్‌ఫ్రెడ్ రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆలిస్ తల దించుకుంది. సూసన్న నా వంక చూసింది, నేను ఇంకో వైపు చూశాను. తీతుగారు వాక్యం చదవడానికి కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నాడు. పావుగంట గడిచింది. ఆవిడ నీళ్ళు పోసిన పిల్లలు, ఆ పిల్లల తల్లులు నలభై మంది ఆ వాకిట్లో ఉన్నారు.

జోగమ్మ అని ఆసుపత్రిలో ఊడ్చే మనిషి, హిందువు, పని నుంచి తిరిగొస్తూ గుంపు చూసి ఆగింది. ఎవరని అడిగింది. చెప్పారు. చీపురు గోడకు ఆనించి లోపలికి నడిచింది. మందు గురించి ఎవరో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నేల మీద కూర్చుని కాళ్ళు చాపి, ఎలీసమ్మ తల ఆ కాళ్ళ మీద పెట్టుకుని నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. మేమంతా అటు తిరిగి నిలబడ్డాం, నీళ్ళ చప్పుడు వింటూ. ఆఖరి చెంబు తిప్పి, "శ్రీరామరచ్చ," అంది. తీతుగారు ఆ పేరు వినపడనట్టు బైబిలు పుటలు తిప్పాడు.

"తుడవడానికి గుడ్డ ఇయ్యండి," అంది జోగమ్మ.

ఎవరూ కదల్లేదు. నా భుజం మీది తువ్వాలు తీసి నేనే వెళ్ళాను. అందరూ చూస్తున్నారు. అదొక్కటైనా సరిగ్గా చేద్దామనుకున్నాను. ముఖం తిప్పుకుని చెయ్యి చాచాను. జోగమ్మ తడి చెయ్యి నా వేళ్ళకు తగలబోయింది. ఎలీసమ్మను కడిగిన నీళ్ళు ఆ చేతి మీంచి కారుతున్నాయి. నాలుగేళ్ళ రెండు నెలలు, అంటే దగ్గర దగ్గర ఆరు వేల సార్లు ఆరు గంటలు. లెక్క నాకు తెలుసు. ఆ చెయ్యి అందుకునే లోపలే నేను తువ్వాలు వదిలేశాను. అది నీళ్ళలో పడింది.